తక్కువ ఖర్చుతో బ్లాక్ అండ్ వైట్ సైకలాజికల్ సినిమా: కథ దగ్గర నుంచి చివరి కాపీ దాకా

టెస్ట్ షూట్ రోజు మా హీరోకి మెరూన్ స్వెటర్ వేశాం. వెనక పాత ఇళ్లలో నడుం ఎత్తు దాకా వేసే ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ గోడ. కంటికి చాలా బాగుంది, ఎరుపు మీద పచ్చ, అందరం మెచ్చుకున్నాం. మానిటర్‌ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చగానే మనిషి మాయమైపోయాడు. స్వెటరూ గోడా ఒకే బూడిద రంగు, మధ్యలో తల ఒక్కటే తేలుతోంది. ఆ రోజు అర్థమైంది, ఈ పనిలో రంగులు చూసే అలవాటు ముందు మన కళ్లలోంచి పోవాలని. రంగుల్లో తీసేసి చివర్లో శాచురేషన్ (రంగుల గాఢత) సున్నాకి లాగితే సరిపోతుందనుకుని మొదలుపెట్టిన వాళ్లం మేమూను.

మేము తీసింది 34 నిమిషాల సినిమా. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పాత ఇల్లు, ఏడు రాత్రులు, ఇద్దరు నటులు, తొమ్మిది మంది యూనిట్, షూటింగ్ అయ్యేదాకా లక్షా ఎనభై వేలు. కింద రాసిందంతా ఆ ఏడు రాత్రుల్లోనూ, దాని ముందూ వెనకా నేర్చుకున్నదే. మీ దగ్గర ఫోన్ మాత్రమే ఉన్నా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

1. కథ ఒక్క బుర్రలో, ఒక్క ఇంట్లో ఉండాలి

మా కథ ఒక రిటైరైన ప్రూఫ్ రీడర్‌ది. ఒంటరిగా ఉంటాడు, ఇంటికే పుస్తకాల ప్రూఫులు తెప్పించుకుని రాత్రుళ్లు దిద్దుతుంటాడు. తను దిద్దిన పేజీల్లో తెల్లారేసరికి ఎవరో అక్షరాలు మారుస్తున్నారని అనుమానం మొదలవుతుంది. వారానికోసారి వచ్చే కూతురు రెండో పాత్ర, అంతే. ఈ కథనే ఎందుకు పట్టుకున్నామంటే తెల్ల కాగితం, నల్ల అక్షరం అతని ప్రపంచం కాబట్టి. రంగు ఉంటే ఈ కథలో ఏదో తగ్గుతుంది. మీ కథని కూడా ఇలాగే అడగండి: దీన్ని రంగుల్లో తీస్తే ఏం పోతుంది? జవాబు రాకపోతే రంగుల్లోనే తీయండి, అందులో తప్పేం లేదు. 'ఆర్ట్ సినిమాలా కనిపిస్తుంది' అన్నది జవాబు కింద లెక్క కాదు.

క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా 'ఫాలోయింగ్' (1998) ఎలా తీశారో చదివితే ధైర్యం వస్తుంది. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, అందుకని ఏడాది పాటు శనివారాలు మాత్రమే షూట్ చేశారు. 16 ఎంఎం బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్, ఎక్కువగా కిటికీ వెలుతురే, మొత్తం ఖర్చు దాదాపు 6 వేల డాలర్లు. ఫిల్మ్ ఖరీదు కాబట్టి నాటకంలాగా ముందే బాగా రిహార్సల్ చేసి ఒకటి రెండు టేకుల్లో ముగించేవాళ్లు. ఉన్న వసతికి సరిపడే కథ రాసుకున్నారు. మనవాళ్లు చాలామంది ముందు కథ రాసేసుకుని తర్వాత దానికి డబ్బు వెతుకుతారు, రెండేళ్లు గడిచినా మొదటి షాట్ పడదు.

రాసేటప్పుడు మాకు బాగా ఉపయోగపడిన పద్ధతి ఒకటి చెబుతాను. నోట్‌బుక్ పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమ వైపు నిజంగా ఏం జరిగిందో రాయండి, కుడి వైపు పాత్ర ఏం జరిగిందనుకుంటోందో రాయండి. ప్రతి సీనుకీ ఇలా చేయండి. ఏ సీన్లో రెండు వైపులా ఒకటే ఉంటే ఆ సీన్లో కెమెరా నిలకడగా, మామూలుగా ఉంటుంది. రెండూ విడిపోతున్న కొద్దీ వెలుగూ, ఫ్రేమూ, శబ్దమూ మారతాయి. ఈ పట్టికే తర్వాత కెమెరామన్‌కీ, సౌండ్ చూసే అతనికీ స్క్రిప్టు కన్నా ఎక్కువ ఉపయోగపడింది.

జబ్బు పేరు మాత్రం పాత్రల చేత చెప్పించకండి. డాక్టర్ వచ్చి 'ఇది ఫలానా డిజార్డర్' అని రెండు నిమిషాలు వివరించగానే అప్పటిదాకా కట్టిన అనుమానమంతా ఆవిరైపోతుంది. మా ప్రూఫ్ రీడర్‌కి ఏమైందో సినిమాలో ఎక్కడా లేదు, అతను కాగితాలని వంటింటి మసాలా డబ్బాలో పెట్టి తాళం వేసి దాస్తాడు, అది చాలు. అలాగని తెలియకుండా రాయకూడదు. ఒక సైకియాట్రిస్టుని కలిసి గంటసేపు మాట్లాడండి, చాలామంది సంతోషంగా చెబుతారు. మన సినిమాల్లో ఎర్రగడ్డ పేరు తిట్టులాగా వాడేసి ఎంత నష్టం చేశామో, ఆ భయంతో ఆస్పత్రికి వెళ్లని మనుషులు ఎంతమందో వాళ్లని అడిగితే తెలుస్తుంది. మనిషిని మంచానికి కట్టేసి మెలకువలో కరెంటు షాకులు ఇచ్చే సీను ఇంకా రాస్తున్నారు కొందరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తుమందు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాక్ చికిత్స చేయడం నిషేధం, గొలుసులతో కట్టడమూ నిషేధం. ఈ కాలం కథలో అలాంటి సీను పెడితే అది భయం కూడా పుట్టించదు, అబద్ధంలా ఉంటుంది.

2. డబ్బు

'పై' (1998) అనే సినిమాకి డారెన్ అరనాఫ్‌స్కీ స్నేహితుల దగ్గర, బంధువుల దగ్గర తలా వంద డాలర్లు అడిగి దాదాపు 60 వేల డాలర్లు పోగుచేశాడు. అదీ బ్లాక్ అండ్ వైటే, అదీ ఒక మనిషి బుర్ర లోపలి కథే. మేము అదే దారి పట్టాం. 36 మంది, తలా 5 వేలు. ఎవరికీ లాభం వస్తుందని చెప్పలేదు, లెక్క మాత్రం రూపాయితో సహా చూపిస్తామన్నాం, చూపించాం. ఒక్కరి దగ్గరే లక్ష తీసుకుంటే ఆయన తమ్ముడికి వేషం ఇవ్వాల్సి వస్తుంది. చిన్న మొత్తాలైతే ఆ ఒత్తిడి ఉండదు.

ఖర్చు ఎలా పోయిందంటే: కెమెరా, రెండు లెన్సులు, మానిటర్ అద్దె 42 వేలు. భోజనాలు, టీలు 38 వేలు. నటులకి 30 వేలు. సౌండ్ రికార్డిస్టుకి పరికరాలతో కలిపి 28 వేలు. ప్రయాణాలు 16 వేలు. లైట్లు 11 వేలు. బట్టలు, సామాను 9 వేలు. హార్డ్ డిస్కుకి 6 వేలు. సౌండ్ మిక్సింగ్‌కి తర్వాత ఇంకో 25 వేలు విడిగా పెట్టాం. ఇందులో రెండు అంకెలు గమనించండి. రంగుల సినిమాకైతే లైట్లకి 11 వేలు చాలేవి కాదు, ఎందుకో కింద చెబుతాను. భోజనాల ఖర్చు దాదాపు కెమెరా అద్దెంత అయింది, దాన్ని తగ్గించాలని చూడకండి. రాత్రి రెండింటికి వేడి వేడి ఉప్మా పెట్టిన రోజున నాలుగింటి షాట్ బాగా వచ్చింది, చల్లారిన పులిహోర ప్యాకెట్ ఇచ్చిన రోజున రాలేదు.

3. కెమెరా, అందులో సెట్టింగులు

రికార్డింగ్ రంగుల్లోనే చేయండి, చూడటం మాత్రం బ్లాక్ అండ్ వైట్‌లో చూడండి. మానిటర్లో శాచురేషన్ సున్నా చేసేయండి, లేదంటే కెమెరాలో మోనోక్రోమ్ ప్రివ్యూ పెట్టండి. సెట్లో ఎవరూ రంగు బొమ్మ చూడకూడదు. ఫైల్లో రంగు సమాచారం ఎందుకు ఉంచుకోవాలంటే, ఏ రంగు ఎంత తెలుపుగా కనిపించాలో తర్వాత నిర్ణయించుకునే అవకాశం దాంతోనే ఉంటుంది. కెమెరాలోనే బ్లాక్ అండ్ వైట్‌లో రికార్డు చేసేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది.

రా గానీ లాగ్ గానీ (వెలుగు చీకట్ల వివరం ఎక్కువగా నిలబెట్టే రికార్డింగ్ పద్ధతులు) ఉంటే వాడండి, 10 బిట్ దొరికితే తప్పకుండా 10 బిట్. 8 బిట్ ఫైల్లో తెలుపు నుంచి నలుపు దాకా 256 మెట్లే ఉంటాయి, 10 బిట్‌లో 1024. రంగుల సినిమాలో ఈ తేడా చాలాసార్లు దాక్కుంటుంది, ఖాళీ గోడ మీద వెలుగు మెల్లగా చీకటిలోకి జారే మన లాంటి సినిమాలో మాత్రం దాక్కోదు, గోడ మీద చారలు చారలుగా కనిపిస్తుంది. టెస్ట్ రోజు 8 బిట్ కెమెరాతో తీసిన షాట్లన్నిటిలో మాకు ఆ చారలు వచ్చాయి.

మన కరెంటు 50 హెర్ట్జ్. కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే ట్యూబ్ లైట్లు, చాలా రకాల బల్బులు కదలకుండా ఉంటాయి. 24 ఫ్రేములే కావాలనుకుంటే షట్టర్ యాంగిల్ 172.8 డిగ్రీలు పెట్టండి, అదీ 1/50 సెకనే. ఫోన్‌తో తీసేవాళ్లు బ్లాక్‌మ్యాజిక్ వాళ్ల ఉచిత కెమెరా యాప్ లాంటిది వాడి ఐఎస్ఓ, షట్టర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ నాలుగూ లాక్ చేయండి. ఆటోలో వదిలేస్తే నటుడు కాస్త కదలగానే గది వెలుగు మారిపోతుంది.

లెన్సులు రెండు చాలు. మేము 35 ఎంఎం, 50 ఎంఎం వాడాం. ఫ్రేము మాత్రం 4:3 లో పెట్టాం, వైడ్ స్క్రీన్ వద్దనుకున్నాం. ఒక్క మొహం ఉండే కథకి దాదాపు చదరంగా ఉండే ఈ ఫ్రేము ఊపిరాడనట్టు పట్టి ఉంచుతుంది, పైగా పక్కల ఉన్న ఫ్రిజ్జూ, క్యాలెండరూ, అద్దె ఇంటి సామానూ ఫ్రేములోకి రావు కాబట్టి ఆర్ట్ ఖర్చు సగం తగ్గుతుంది. 'ది లైట్‌హౌస్' (2019) ఇంకా ఇరుకైన 1.19:1 లో తీశారు, ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు పడేటట్టు ఉంటారు అందులో.

4. బూడిద రంగుల పరీక్ష, దీన్ని ఎగ్గొట్టొద్దు

ఇది ఒక్కటి సరిగ్గా చేస్తే మిగతా తప్పులు చాలావరకు సర్దుకుంటాయి, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

వీడియోలో రంగుని మామూలు పద్ధతిలో బ్లాక్ అండ్ వైట్‌గా మార్చినప్పుడు ఆకుపచ్చకి సుమారు 72 శాతం, ఎరుపుకి 21 శాతం, నీలానికి 7 శాతం విలువ వస్తుంది. అంటే ముదురు నీలం దాదాపు నల్లగా పోతుంది, లేత పచ్చ తెల్లబడుతుంది, కుంకుమ ఎరుపు మనం అనుకున్న దానికన్నా చాలా చీకటిగా కనిపిస్తుంది. నుదుటి మీద పెద్ద కుంకుమ బొట్టు మానిటర్లో నల్లటి రంధ్రంలా ఉంటుంది. పసుపు పూసిన గడప తెల్లటి గీత అయిపోతుంది. ఎర్రంచు ఆకుపచ్చ పట్టుచీర ఒక్కోసారి అంచే లేని చీర అయిపోతుంది. మా మెరూన్ స్వెటర్ సంగతి చెప్పాను కదా.

కాబట్టి షూటింగ్‌కి వారం ముందు ఫోన్‌లో మోనోక్రోమ్ ఫిల్టర్ పెట్టుకుని లొకేషనంతా నడవండి. గోడలు, తలుపులు, దుప్పట్లు, నటుల బట్టలు, కళ్లజోడు ఫ్రేము, గిన్నెలు అన్నీ ఫోటో తీయండి. తర్వాత ఆ ఫోటోలు పక్కపక్కన పెట్టి వస్తువులన్నిటినీ ఐదు గుంపులు చేయండి: తెలుపు, లేత బూడిద, నడిమి బూడిద, ముదురు బూడిద, నలుపు. ఇక రూలు ఒకటే, పక్కపక్కన ఉండే రెండు వస్తువులు ఒకే గుంపులో ఉండకూడదు, కావాలని కలిపితే తప్ప. మా సినిమా చివరి సీన్లో అతను గోడలో కలిసిపోవాలి, అప్పుడు ఆ మెరూన్ స్వెటర్‌ని మళ్లీ తెచ్చి వేశాం. మొదటి రోజు తప్పుగా తేలింది చివరి రాత్రికి షాట్ అయింది.

వస్తువుల రంగు పట్టించుకోనక్కర్లేదన్న స్వేచ్ఛ కూడా ఇక్కడే వస్తుంది. 'సైకో' (1960)లో స్నానాల గది సీన్లో నెత్తురుగా పారింది చాక్లెట్ సిరప్. మాకు సిరా ఒలికే షాట్ ఒకటి ఉంది, చిక్కటి బెల్లం పాకంలో కాఫీ డికాక్షన్ కలిపి పోశాం, అసలు సిరా కన్నా బరువుగా, మెల్లగా పాకింది. చీమలు పట్టాయి, వాటినీ తీశాం, ఆ షాట్ సినిమాలో ఉంది.

ఇంకొక సంగతి జరిగింది. ప్రూఫ్ రీడర్ ఎర్ర పెన్నుతో దిద్దుతాడు కదా, మానిటర్లో చూస్తే ఆ ఎర్ర గీతలూ అచ్చు అక్షరాలూ దాదాపు ఒకే ముదురులో ఉన్నాయి. ఏది అచ్చో ఏది దిద్దుబాటో తెలియడం లేదు. ముందు కంగారుపడి ముదురు పెన్ను తెప్పించాలనుకున్నాం. కాసేపటికి మా రచయితే అన్నాడు, ఆయన బాధ అదే కదా, తన గీత ఏదో పరాయి గీత ఏదో తెలియకపోవడం. ఆ రోజు రాత్రే రెండు సీన్లు మార్చి రాసుకున్నాం. రంగు ఉండి ఉంటే ఈ ఆలోచన వచ్చేదే కాదు. పరీక్షలు ముందుగా చేయమని మొత్తుకోవడం అందుకే, తప్పులు దొరకడంతో పాటు కథ కూడా దొరుకుతుంది.

5. లైటింగ్

రంగుల సినిమాకి మంచి లైటు అంటే రంగు సరిగ్గా చూపించే ఖరీదైన లైటు. ఇక్కడ ఆ బాధ లేదు. తెల్లటి ట్యూబ్ లైటు, పసుపు రంగు పాత బల్బు, చౌక ఎల్ఈడీ, టార్చి, ఫోన్ స్క్రీన్, అన్నీ ఒకే షాట్లో కలిపి వాడుకోవచ్చు. మాకు లైట్లకి 11 వేలే అయ్యాయంటే కారణం ఇదే. రెండు ఎల్ఈడీ ప్యానెళ్లు అద్దెకి తెచ్చాం, మిగతావి ఎలక్ట్రికల్ షాపులో కొన్న బల్బులూ హోల్డర్లూ. చౌక ఎల్ఈడీ బల్బుల్లో కొన్ని 1/50 దగ్గర కూడా మినుకుమంటాయి, కొనేముందు షాపులోనే వెలిగించి ఫోన్ కెమెరాలో షట్టర్ మార్చి చూడండి. పాత ఫిలమెంట్ బల్బు డిమ్మర్‌తో దొరికితే వదలకండి, కాస్త కాస్తగా తగ్గించుకుంటూ పోవడానికి దాన్ని మించింది లేదు.

పని వరుస ఇలా ఉండాలి. ముందు గది మొత్తం చీకటి చేయండి. కిటికీలకి నల్ల గుడ్డ, తలుపు సందులకి కూడా. ఇప్పుడు ఒక్క లైటు వెలిగించి ఆపండి. మొహం ఏ వైపు వెలగాలి, ఏ వైపు చావాలి అన్నది ఆ ఒక్క లైటుతోనే తేల్చండి. తర్వాత వెనక గోడ చూడండి: మొహం వెలుగు వైపున గోడ చీకటిగా, చీకటి వైపున గోడ కాస్త వెలుగుగా ఉంటే మనిషి గోడ నుంచి విడిపడి కనిపిస్తాడు. రంగు చేసే పని ఇక్కడ ఇదే చేస్తుంది. ఇంకా చాలకపోతే చీకటి వైపు థర్మాకోల్ షీటు పెట్టి, దాని మీద పడి తిరిగొచ్చే వెలుగుతో నింపండి. రెండో లైటు గురించి ఆ తర్వాతే ఆలోచించండి. లైటు మెత్తగా కావాలంటే దాన్ని గోడకో థర్మాకోల్‌కో కొట్టించండి. లైటుని రెట్టింపు దూరం జరిపితే మనిషి మీద పడే వెలుగు నాలుగో వంతు అవుతుంది, దాంతో పాటు మనిషికీ గోడకీ మధ్య తేడా కూడా తగ్గుతుంది. గోడ నల్లగా పోవాలంటే లైటుని మొహానికి బాగా దగ్గరకి తీసుకురండి.

ఈ విద్యలో మన దేశంలోనే గొప్ప గురువులున్నారు. 1956లో వచ్చిన 'అపరాజితో' కోసం కెమెరామన్ సుబ్రత మిత్ర స్టూడియోలో వేసిన కాశీ ఇంటి వాకిలి సెట్టు మీద తెల్ల గుడ్డ పరిచి, కింది నుంచి లైట్లు దాని మీదకి కొట్టి ఆకాశం వెలుతురు తెప్పించాడు. మన డాబా ఇంట్లో దుప్పటితో చేసుకోవచ్చు ఆ పని. 'కాగజ్ కే ఫూల్' (1959)లో వి.కె. మూర్తి స్టూడియో లోపలికి ఎండని పెద్ద అద్దాలతో మళ్లించి ఆ వెలుగు స్తంభాన్ని నిలబెట్టాడు. మేము ఒక పగటి షాట్ కోసం బీరువా అద్దం విప్పి డాబా మీద పెట్టాం, ఇద్దరు పట్టుకున్నారు, ఎండ జరుగుతుంటే అద్దమూ జరపాలి కాబట్టి పది నిమిషాల్లో షాట్ అయిపోవాలి, అయింది. ఇక 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లే తెప్పించిన వెన్నెల మన ఇళ్లలో అందరూ చూసిందే, దాన్ని ఒకసారి శబ్దం తీసేసి చూడండి, నీళ్ల మీద మెరుపు ఎక్కడ పడుతోంది, మొహాల మీద నీడ ఎంత మెత్తగా ఉంది అని. పాఠం అంటే అదే.

కథతో పాటు వెలుగు మారాలి. మొదటి రెండు రాత్రుల సీన్లు థర్మాకోల్ మీద కొట్టిన మెత్తటి వెలుగులో తీశాం, అన్ని రకాల బూడిద రంగులూ ఉంటాయి. మధ్యలో థర్మాకోల్ తీసేశాం. చివరికి తల మీద వేలాడే ఒక్క బల్బు, కళ్లు గుంటల్లోకి పోతాయి. కంట్లో మెరిసే చుక్క ఉంటుంది చూశారా, కింద చిన్న తెల్ల కాగితం పెడితే వస్తుంది. ఆ చుక్క ఉన్నంతసేపు ప్రేక్షకుడు పాత్రని నమ్ముతాడు. మా సినిమాలో 27వ నిమిషం నుంచి దాన్ని తీసేశాం. ఎవరూ గమనించలేదు, కానీ 'అక్కడి నుంచి ఆయనంటే భయమేసింది' అని చాలామంది అన్నారు.

పాత ఇల్లయితే వైరింగ్ చూపించుకోండి. మూడో రాత్రి మాకు ఒక స్విచ్ బోర్డు కాలింది, ఎవరికీ ఏం కాలేదు, కానీ ఎలక్ట్రీషియన్‌ని ముందే పిలవాల్సింది.

6. నటులు, షాట్లు

రిహార్సల్ కనీసం పది రోజులు, వీలైతే అదే ఇంట్లో. మా హీరో నాటకాల నుంచి వచ్చిన అరవై ఏళ్ల మనిషి, గొంతు పెద్దది, చేతులు బాగా ఊపుతారు. 'తగ్గించండి మాస్టారూ' అంటే నొచ్చుకున్నారు. తర్వాత ఆయనకి నిజం ప్రూఫులు ఇచ్చి దిద్దమన్నాం, గంటసేపు ఏమీ చెప్పకుండా కెమెరా పెట్టి కూర్చున్నాం. మనిషి పనిలో పడిపోయాక మొహం దానంతటదే మారింది. ఆ తర్వాత ప్రతి సీనుకీ ఆయన చేతికి ఏదో ఒక నిజమైన పని ఇచ్చాం.

షాట్లు వేసేటప్పుడు నేను చెప్పే ఒకే సలహా, అదే ఫ్రేముని మళ్లీ మళ్లీ వాడండి. బల్ల, కుర్చీ, గోడ గడియారం ఉన్న ఒక వైడ్ షాట్ మా సినిమాలో తొమ్మిది సార్లు వస్తుంది. ప్రతిసారీ ఒక్క వస్తువు మారుతుంది. కుర్చీ కాస్త జరుగుతుంది, గడియారం ఇంకొంచెం కిందికి దిగుతుంది. చూసేవాళ్లకి ఏం మారిందో తెలియదు, ఏదో మారిందని తెలుస్తుంది. దీనికి ఖర్చు సున్నా, కానీ కంటిన్యుటీ రాసే అసిస్టెంటుకి ఏది కావాలని చేసిన తప్పో విడిగా జాబితా ఇచ్చి తీరాలి, లేకపోతే పాపం ఆ అమ్మాయి గడియారాన్ని మళ్లీ పైకి జరిపేస్తుంది. మాకు ఒకసారి జరిపేసింది.

క్లోజప్పులు దాచుకోండి. మొదటి పదిహేను నిమిషాల్లో మాకు ఒక్కటే ఉంది.

నటుడి ఆరోగ్యం గురించి ఒక మాట. నిద్రలేని పాత్ర కదా అని నటుణ్ణి నిజంగా నిద్రపోనివ్వకుండా ఉంచే డైరెక్టర్లున్నారు. దయచేసి చేయకండి. బరువైన సీను అయ్యాక అరగంట విరామం ఇవ్వండి, పక్కన కూర్చుని ఇంటి కబుర్లు చెప్పండి. ఆపమంటే ఆపే మాట ఒకటి ముందే అనుకోండి. సినిమా చివర్లో టెలి మానస్ నంబర్ 14416 వేయండి, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సహాయం అది, మీ సినిమా చూసి కదిలిపోయిన వాళ్లకి పనికొస్తుంది.

7. సౌండ్, సగం సినిమా ఇదే

డబ్బు చాలకపోతే కెమెరా తగ్గించుకోండి కానీ సౌండ్ తగ్గించుకోకండి. బొమ్మ గరుకుగా ఉంటే శైలి అనుకుంటారు, డైలాగు వినపడకపోతే లేచి వెళ్లిపోతారు.

షాట్ ముందు ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినవాళ్లు బండి తాళాలు అందులో పెట్టాలి, అప్పుడు ఇంటికెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. ప్రతి గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేయండి, ఎడిటింగ్‌లో అతుకులు దాచేది అదే.

తర్వాత అసలు పని. ఇంటి శబ్దాలు పోగుచేయండి: కుక్కర్ విజిల్, బోరు మోటారు, కుళాయి చుక్క, బల్లి అరుపు, దూరంగా రైలు కూత. సత్యనారాయణపురంలో రాత్రి రైళ్లు బాగా వినిపిస్తాయి, మొదట విసుక్కున్నాం, తర్వాత కథలోకి తెచ్చుకున్నాం. రెండు భాగాల నోట్‌బుక్ చెప్పాను కదా, అక్కడ కుడి వైపు బరువెక్కుతున్న కొద్దీ బయటి శబ్దాలు ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాం. మొదటి సీన్లో వీధంతా వినిపిస్తుంది. చివరి సీన్లో పెన్ను కాగితం మీద గీసే శబ్దం ఒక్కటే ఉంటుంది, దాన్ని వేగం తగ్గించి, లోతు చేసి, ఎవరో నేలని గీరుతున్నట్టు చేశాం. భయపెట్టే సంగీతం ఎక్కడా వాడలేదు. డేవిడ్ లించ్ 'ఇరేజర్‌హెడ్' (1977)కి సౌండ్ డిజైనర్ అలన్ స్ప్లెట్‌తో కలిసి శబ్దాల మీద ఎంత కాలం కూర్చున్నాడో, ఆ సినిమా కళ్లు మూసుకుని విన్నా తెలుస్తుంది.

8. ఎడిటింగ్, డీఐ (బొమ్మ రంగూ వెలుగూ సరిదిద్దే పని)

ఎడిటింగ్ మొదటి రోజు నుంచే బ్లాక్ అండ్ వైట్‌లో చేయండి. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది, నాయిస్ (చీకటి భాగాల్లో కదిలే చుక్కలు) తగ్గించే టూలు మాత్రం డబ్బు కట్టిన వెర్షన్లోనే ఉంటుంది. అందులో ఆర్‌జీబీ మిక్సర్‌లో మోనోక్రోమ్ అనే టిక్ పెట్టి ఎరుపు, పచ్చ, నీలం పాళ్లు మార్చుకోవచ్చు. రంగుల్లో రికార్డు చేయమన్నది దీనికోసమే.

మన చర్మం మీద దీని ప్రభావం చాలా ఎక్కువ. ఎరుపు పాలు పెంచితే మొహం నునుపుగా, వెలుగుతున్నట్టు ఉంటుంది, మచ్చలు పోతాయి. ఎరుపు తగ్గించి పచ్చ పెంచితే ముడతలు, మచ్చలు, కళ్ల కింద నలుపు అన్నీ బయటపడతాయి. నీలం ఇంకా కఠినం, కానీ అందులో నాయిస్ ఎక్కువ, కాస్తే వాడాలి. పాత కాలపు ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్ ఎరుపుని చూడలేకపోయేది, అందుకే ఆ రోజుల బొమ్మల్లో మొహాలు అంత గరుకుగా ఉంటాయి. 'ది లైట్‌హౌస్' వాళ్లు ఎరుపుని ఆపే ఫిల్టర్ ప్రత్యేకంగా చేయించి అదే రాబట్టారు. మేము సినిమా మొదట్లో ఎరుపు పాలు ఎక్కువ ఉంచి, చివరికి వచ్చేసరికి పచ్చ వైపు జరుపుకుంటూ వెళ్లాం. అదే మనిషి, మేకప్ లేదు, అరగంటలో పదేళ్లు పైబడ్డట్టు కనిపించాడు.

నలుపు నిజంగా నల్లగా ఉండనివ్వండి, అయితే ప్రతి షాట్లోనూ ఉండక్కర్లేదు. కాంట్రాస్ట్ మొత్తం సినిమాకి ఒకేలా పెంచేస్తే చివరికి పెంచడానికి ఏమీ మిగలదు. గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నటి రవ్వ) కొంచెం వేయండి, గోడ మీద చారలు కూడా దాంతో చాలావరకు దాగుతాయి. అయిపోయాక మంచి మానిటర్లో ఒకసారి, ఇంట్లో టీవీలో ఒకసారి, ఫోన్లో వెలుతురు సగం పెట్టి ఒకసారి చూడండి. ఫోన్లో మొహం కనపడకపోతే మీరు తీసిన చీకటి చాలామందికి చేరదు.

9. బయటికి పంపడం

2024లో మలయాళం 'భ్రమయుగం' పూర్తిగా బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చి తెలుగులోకి డబ్ కూడా అయింది. బ్లాక్ అండ్ వైట్ అంటే జనం చూడరన్న మాట ఇక ఎవరైనా అంటే నమ్మకండి.

థియేటర్లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. ఫెస్టివళ్లకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పనిసరి. తెల్ల అక్షరాలు తెల్ల గోడ మీద పడితే చదవలేరు, సన్నటి నల్ల అంచు పెట్టండి. డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్‌కి ఇచ్చే డిజిటల్ కాపీ) అడిగితే డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. యూట్యూబ్‌కి మాత్రం కాపీ వేరే చేయండి, గ్రెయిన్ తగ్గించి, 4కేలో అప్‌లోడ్ చేస్తే ఎక్కువ బిట్‌రేట్ వస్తుంది. గ్రెయిన్ ఎక్కువ ఉంటే అక్కడి కంప్రెషన్‌కి చీకటి భాగాలు గళ్లు గళ్లుగా విరిగిపోతాయి.

ఎక్కడ ప్రదర్శన పెట్టినా అరగంట ముందు వెళ్లండి. హాల్లో తెర పక్కన ఒక ట్యూబ్ లైటు తప్పకుండా వెలుగుతూ ఉంటుంది, దాన్ని ఆపించండి. ప్రొజెక్టర్ 'వివిడ్' మోడ్‌లో ఉంటే 'సినిమా' మోడ్‌లోకి మార్పించండి. అన్నిటికన్నా చీకటిగా ఉన్న షాట్ పెట్టించి, వెనక వరసలో కూర్చుని, అందులో మనిషి భుజం గీత కనిపిస్తోందో లేదో చూసుకోండి. కనిపిస్తే తలుపులు తీయమనండి.